చేతి వణుకు, తెల్లబడిన ఉంగరం, తరుగు పోయిన బంగారం

గాజువాక మెకానిక్ | సోమవారం, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. మూడేళ్ళు టాంజానియాలో గెయిటా దగ్గర పనిచేసి ఐదు నెలల క్రితం ఇంటికి వచ్చేశాను. అక్కడ పెద్ద కంపెనీ గని ఉంది. నా పని అందులో కాదు, చుట్టుపక్కల సొంతంగా గోతులు తవ్వుకుని బంగారం తీసుకునే చిన్నవాళ్ళ దగ్గర. గోతిలోకి నేనెప్పుడూ దిగలేదు. డీజిల్ ఇంజిన్లు, రాయిని పిండి చేసే మిల్లులు బాగుచేసేవాడిని.

అక్కడ ఉండగానే కుడిచేతి వేళ్ళు వణకడం మొదలైంది. ఇంటికి వస్తే తగ్గుతుందనుకున్నాను. కొంత తగ్గింది, పోలేదు. టీ గ్లాసు నిండుగా ఇస్తే కింద సాసరు ఉండాల్సిందే. మొన్న ఒక బండి కార్బొరేటర్‌లో చిన్న జెట్ బిగించబోయి నాలుగుసార్లు జారవిడిచాను. ఇరవై ఏళ్ళ పనిలో ఇలా జరగలేదు. నిద్ర పట్టదు. చిన్న మాటకే కసురుకుంటున్నానని మా ఆవిడ అంటోంది. నిజమే.

అక్కడ బంగారం తీయడానికి పాదరసం వాడతారు, వాళ్ళ భాషలో జెబాకి. నేను దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇక్కడ చూపించుకుంటే నరాల బలహీనత అని బలం మాత్రలు రాశారు. ముట్టుకోకుండానే పాదరసం ఒంట్లోకి వెళ్తుందా? తెలిసినవారు చెప్పండి.

పెదవాల్తేరు పెద్దాయన | సోమవారం, రాత్రి 11.05

బాబూ, భయపడకు. మా చిన్నప్పుడు థర్మామీటరు పగిలితే పిల్లలకు పండగే. అరచేతిలో పోసుకుని తామరాకు మీద నీటిబొట్టులా దొర్లించుకునేవాళ్ళం. పందెం వేసి ఒకడు మింగేశాడు కూడా. మర్నాడు మామూలుగానే బడికి వచ్చి, లెక్కల మాస్టారి చేత మామూలుగానే తన్నులు తిన్నాడు. నాకిప్పుడు 74. రోజూ బీచ్ రోడ్డులో నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. ఈ మధ్య ప్రతిదీ విషమనడం ఫ్యాషన్ అయింది.

ఎండాడ డాక్టరమ్మ | మంగళవారం, ఉదయం 6.20

పెద్దాయన గారు చెప్పింది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. మింగిన పాదరసంలో పదివేల వంతులో ఒక వంతు కూడా ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది. అదే పాదరసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నూటికి ఎనభై పాళ్ళు రక్తంలో కలిసిపోతుంది. అక్కడి నుంచి మెదడుకు, మూత్రపిండాలకు చేరుతుంది. గర్భిణి అయితే మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు వెళ్తుంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, మరీ ఎక్కువైతే తప్ప దగ్గు రాదు. పొగ అయితే మనిషి పక్కకు జరుగుతాడు. దీనికి జరగడు.

కాబట్టి మెకానిక్ గారూ, ముట్టుకున్నారా అన్నది కాదు ప్రశ్న. ఎక్కడ కాల్చేవారు? మీరు ఎక్కడ పడుకునేవారు?

ఇంకో సంగతి. చేతి వణుకుకు కారణాలు చాలా ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువైనా వణుకుతుంది. ఆయాసానికి వాడే ఇన్‌హేలర్లతో, మద్యం మానేసిన కొత్తలో, కొన్ని కుటుంబాల్లో ఏ కారణమూ లేకుండానే వణుకుతుంది. అవన్నీ చూడకుండా పాదరసమే అనడం తప్పు. మీరు ఎక్కడి నుంచి వచ్చారో తెలిశాక దాన్ని తలవకపోవడం అంతకన్నా తప్పు.

రాళ్ళ మాస్టారు | మంగళవారం, ఉదయం 9.15

నేను భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయినవాడిని. ఆ పని తెలియనివారికి కాస్త చెప్తాను.

ఆ రాళ్ళలో బంగారం కంటికి కనపడదు. రాయిని పిండి చేసి, నీళ్ళతో వాలుబల్ల మీద పారిస్తారు. బల్ల మీద గోనెపట్టా, కంబళి లాంటిది పరిచి ఉంటుంది. బరువైన రేణువులు అందులో చిక్కుకుంటాయి. ఆ బురదను బేసిన్‌లో వేసి, నీళ్ళు పోసి, కాస్త పాదరసం వేసి చేత్తో పిసుకుతారు. పాదరసం ఇసుకను పట్టించుకోదు, బంగారాన్ని మాత్రం పట్టుకుంటుంది. తరువాత గుడ్డలో వేసి పిండితే మిగులు పాదరసం కారిపోయి తెల్లని ముద్ద మిగులుతుంది. అందులో దాదాపు సగం పాదరసమే. దాన్ని పోగొట్టి పసుపు రంగు చూడాలంటే కాల్చాలి. పాదరసం మరిగేది 357 డిగ్రీల దగ్గర, బంగారం కరిగేది 1,064 దగ్గర. బొగ్గుల కుంపటి చాలు. సగం బరువు గాలిలోకి పోతుంది.

కొందరు రాయి మొత్తాన్ని మిల్లులోనే పాదరసంతో కలిపి రుబ్బుతారు. అది మరీ దుబారా. గ్రాము బంగారానికి ఎన్నో గ్రాముల పాదరసం బురదలో పోతుంది. ఆ బురదను ఇంకొకడు కొని సైనైడ్‌తో మళ్ళీ పిండుతాడు. పాదరసం సైనైడ్‌తో కలిస్తే నీళ్ళలో ఇంకా తేలిగ్గా ప్రయాణం చేస్తుంది.

మన కోలారు గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. మన దగ్గర ఇది పాత ముచ్చట అనిపిస్తుంది. ప్రపంచానికి కాదు. 2015లో మనుషుల పనుల వల్ల గాలిలో కలిసిన పాదరసంలో సుమారు 38 శాతం ఈ చిన్న బంగారు పనివాళ్ళ కుంపట్ల నుంచే వచ్చిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క. బొగ్గు విద్యుత్ కేంద్రాలు కూడా దీని తరువాతే.

గాజువాక మెకానిక్ | మంగళవారం, రాత్రి 9.50

మాస్టారూ, మీరు అక్కడ నిలబడి చూసినట్టే రాశారు.

డాక్టర్ గారూ, మీ ప్రశ్నకు జవాబు రాయడానికి రోజంతా ఆలోచించాను. బంగారం కొనే దుకాణం వెనుక గది నాది. మధ్యలో రేకు తడిక, పైకప్పు దాకా లేదు. రోజూ సాయంత్రం నాలుగు దాటాక పనివాళ్ళు ముద్దలు పట్టుకుని వచ్చేవారు. చేపల డబ్బా మూతలో ముద్ద పెట్టి, బొగ్గుల కుంపటి మీద ఉంచి విసిరేవారు. తెల్లగా వెన్నముద్దలా ఉన్నది మెల్లగా బూడిద రంగుకు, తరువాత మట్టి పసుపుకు తిరిగేది. అందరూ దాని మీదికి వంగి చూసేవారు, నేను కూడా. వానాకాలంలో తలుపు వేసుకుని లోపలే కాల్చేవారు. పనయ్యాక వంటమనిషి అదే కుంపటి తీసుకెళ్ళి జొన్న సంకటి లాంటిది వండేది. వీపున చంటిపిల్ల.

నా పెళ్ళి ఉంగరం రెండో ఏడాది తెల్లబడింది. వెండిలా. ఆ త్రాసులు, పళ్ళాలు అన్నీ నేనే తుడిచి సరిచేసేవాడిని. ఉంగరం కల్తీదని మామగారి మీద లోలోపల కోపం పెట్టుకున్నాను. ఆయన ఈ వేదికలో లేరు గానీ ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

కురుపాం మార్కెట్ | బుధవారం, ఉదయం 7.30

అన్నయ్యా, మీ మామగారి బంగారం మంచిదే. మాది కురుపాం మార్కెట్లో మూడు తరాల బంగారం పని. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని మా పనివాళ్ళలో కుర్రాడికి కూడా తెలుసు. థర్మామీటరు పగిలి గాజులు తెల్లబడ్డాయని ఏడుస్తూ వచ్చేవారు. మేము కుంపటి మీద పెట్టి ఊదేవాళ్ళం. తెలుపు ఎగిరిపోయి పచ్చదనం తిరిగి వస్తే వాళ్ళకు ఆనందం, మాకు పది రూపాయలు. ఆ తెలుపు ఎక్కడికి ఎగిరిందో డాక్టరమ్మ గారి మాట చదివాకే ఆలోచించాను. ముఖం ఆ కుంపటికి జానెడు దూరంలో ఉండేది.

మా వీధిలో ఊడ్చిన దుమ్మును కొనుక్కుపోయేవారు కూడా ఉండేవారు. కడిగి, పాదరసం వేసి, మా గోళ్ళ సందుల్లో నుంచి రాలిన బంగారాన్ని కూడా లాగేవారు. ఇంట్లోనే కాల్చేవారు. మీ గెయిటాకూ మా సందుకూ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

ఒక మాట అడుగుతాను. అక్కడి నుంచి బంగారం ఏమైనా తెచ్చారా? బిస్కెట్ కాదు, కాల్చిన ముద్ద.

జాలరిపేట అబ్బాయి | బుధవారం, ఉదయం 8.10

మధ్యలో దూరినందుకు క్షమించండి. పాదరసం చేపల్లో ఉంటుందని ఫోనులో వీడియోలు వస్తున్నాయి. మా అమ్మ హార్బర్ దగ్గర చేపలు అమ్ముతుంది. ఇప్పుడు ఇది చదివి జనం చేపలు మానేస్తే మా గతి ఏమిటి?

ఎండాడ డాక్టరమ్మ | బుధవారం, ఉదయం 8.45

మానేయనక్కరలేదు తమ్ముడూ. నేను కూడా మానలేదు. చేపల్లో ఉండేది ఈ ఆవిరి కాదు, దాని చుట్టం. నీటి అడుగు బురదలో సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. చిన్న చేపను పెద్ద చేప తింటూ పోతే అది పోగవుతుంది. అందుకే ఏళ్ళ తరబడి బతికి వేటాడే సొర లాంటి వాటిలో ఎక్కువ. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతల్లో తక్కువ. గర్భిణులు సొర తగ్గించి చిన్న చేపలు తింటే సరిపోతుంది. జపాన్‌లో మినమాటా జబ్బు 1956లో బయటపడింది. అక్కడ ఒక రసాయన కర్మాగారం మిథైల్ పాదరసాన్ని సముద్రంలోకే వదిలింది. ఆ స్థాయి వేరు.

మెకానిక్ గారికి ఇందులో పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. రక్తంలో పాదరసం చూస్తే నిన్న తిన్న చేప కూడా లెక్కలోకి వస్తుంది. ఆవిరి పీల్చినవారికి చూడవలసింది మూత్రం. ఉదయం మొదటి మూత్రంలో పాదరసం, దాంతో పాటు క్రియాటినిన్ (మూత్రం ఎంత పలచగా ఉందో సరిచూసుకోవడానికి కొలిచేది) అడగండి. లోహం అంటని సీసా ల్యాబువాళ్ళే ఇవ్వాలి. ఏదో మందు ఇచ్చి పాదరసాన్ని బయటికి రప్పించి కొలుస్తామంటే ఒప్పుకోకండి. ఆ మందుతో ఎవరిలోనైనా అంకె పెరుగుతుంది. దాన్ని చూపించి వైద్యం అమ్ముతారు.

మూత్రంలో ప్రోటీన్, థైరాయిడ్ కూడా చూపించండి.

ఈలోపు ఇంట్లో ఒకటి చేయండి. గనుల ఊళ్ళలో సర్వే చేసే డాక్టర్లు వాడే పరీక్ష అది. బల్ల మీద ఇరవై అగ్గిపుల్లలు పరిచి, కుడి ఎడమ చేతులు మార్చి మార్చి ఒక్కొక్కటే పెట్టెలో పెట్టాలి. ఎంతసేపు పట్టిందో ఎవరైనా చూడాలి. ఇది జబ్బు తేల్చదు. నెల తరువాత పోల్చుకోవడానికి పనికివస్తుంది.

సోంపేట కోడలు | బుధవారం, మధ్యాహ్నం 2.00

మేడమ్, మా ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో ఉన్నారు. అది కూడా పాదరసమేనా? మా ఆడపడుచు భర్త డయాలసిస్‌లో ఉన్నారు.

ఎండాడ డాక్టరమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3.30

ఆ మాట ఊరంతా పాకించకండమ్మా. పాదరసం మూత్రపిండంలోని జల్లెడను దెబ్బతీస్తే లక్షణాలు వేరు. మూత్రంలో ప్రోటీన్ బాగా పోతుంది, ముఖం, కాళ్ళు ఉబ్బుతాయి. ఉద్దానంలో కనిపించేది వేరు. ప్రోటీన్ పెద్దగా పోకుండా లోపలి గొట్టాలు నెమ్మదిగా పాడవుతాయి. దానికి కారణం ఇంకా తేలలేదు. మీ ఇంట్లో ఎవరైనా పేరూ ఊరూ లేని ముఖం తెల్లబడే క్రీములు వాడుతుంటే మాత్రం ఆపించండి. కేరళలో 2023లో వరుసగా బయటపడిన కిడ్నీ కేసులకు మూలం ఆ క్రీముల్లోని పాదరసమే.

గాజువాక మెకానిక్ | బుధవారం, రాత్రి 10.15

అగ్గిపుల్లలు పెట్టాను. మా అబ్బాయి ఫోనులో సమయం చూశాడు. నాకు 74 సెకన్లు. వాడికి 31. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

కురుపాం తమ్ముడు అడిగినదానికి జవాబు. తెచ్చాను. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ముందే చెప్తున్నాను. రెండు నెలల జీతం బాకీ కింద దుకాణం యజమాని కాల్చిన ముద్ద ఒకటి ఇచ్చాడు, ఎనిమిది గ్రాములు. ఇక్కడికి వచ్చాక మా ఇంటి దగ్గర ఒక చిన్న కొట్లో కరిగించమని ఇచ్చాను. ఏడు గ్రాముల నలభై పాయింట్లు (7.40 గ్రాములు) అయింది. నా ముందే కరిగించాడు, నా ముందే తూచాడు. అయినా అరవై పాయింట్ల బంగారం ఎలా మాయమైందని నలుగురిలో నిలదీశాను. తరుగు పేరుతో కాజేశావన్నాను. ఆయన దేవుడి పటం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. నేను నమ్మలేదు.

కురుపాం మార్కెట్ | బుధవారం, రాత్రి 10.40

అన్నయ్యా, ఆ అరవై పాయింట్లు ఆయన కాజేయలేదు, పీల్చాడు.

కుంపటి మీద కాల్చినంత మాత్రాన పాదరసం అంతా పోదు. ముద్ద స్పాంజిలా గుల్లగా ఉంటుంది, లోపల ఇంకా దాగి ఉంటుంది. మూసలో వేసి పూర్తిగా కరిగించినప్పుడే మిగతాది ఒక్కసారి లేస్తుంది. మా నాన్నగారు అలాంటి ముద్ద వస్తే తీసుకునేవారు కాదు. చిటపటలాడుతుంది, పక్కనున్న సరుకు తెల్లబడుతుంది, తరుగు మాట వస్తుంది అనేవారు. ఊపిరి మాట ఆయనకూ తెలియదు.

ఆ కొట్టు ఎంత ఉంటుంది? కిటికీ ఉందా?

గాజువాక మెకానిక్ | బుధవారం, రాత్రి 10.52

ఎనిమిది అడుగులకు ఆరు ఉంటుంది. కిటికీ లేదు. ముందు షట్టర్. ఆ రోజు ఎండ అని సగం దించి ఉంది. ఆయన భార్య మెట్టు మీద కూర్చుని పూలు కడుతోంది.

పెదవాల్తేరు పెద్దాయన | గురువారం, ఉదయం 5.50

రాత్రంతా ఇదే చదివాను. మొదట రాసిన మాట వెనక్కి తీసుకోను, మేము ఆడుకున్నది నిజం. కానీ థర్మామీటర్లో ఉండేది గ్రాము అటూ ఇటూ అట కదా. అది ఆరుబయట నేల మీద. ఇక్కడ రేకు గదిలో రోజుకు ఎన్ని గ్రాములు లేచాయో ఎవరు తూచారు?

నాకు నాటకాల పిచ్చి ఉండేది. ఫలానా పద్యగాయకుడికి గిట్టనివాళ్ళు తాంబూలంలో సింధూరం పెట్టి గొంతు పోగొట్టారని చెప్పుకునేవారు. పెట్టేవాడు ఒకడు, తినేవాడు ఒకడు, పగ ఒకటి ఉండేది. ఇక్కడ పగ కూడా లేదు.

మా ఇంట్లో పాత పాదరసం బి.పి. యంత్రం ఉంది. దాన్నేం చేయాలి?

ఎండాడ డాక్టరమ్మ | గురువారం, ఉదయం 7.00

అందులో వంద గ్రాముల దాకా ఉంటుంది. కదపకుండా నిలువుగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి ఇప్పించండి. పాత ఇనుము వాడికి వేయకండి. ఎప్పుడైనా ఒలికితే చీపురుతో ఊడ్చకూడదు, వ్యాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకూడదు, రెండూ దాన్ని గాలిలో కలుపుతాయి. పిల్లల్ని పంపేసి, కిటికీలు తీసి, గట్టి అట్టముక్కతో బొట్లను ఒకచోటికి చేర్చి సీసాలో బిగించాలి. సింకులో పోయకూడదు.

మెకానిక్ గారూ, గెయిటా నుంచి తెచ్చిన పనిబట్టలు, సంచి, దుప్పటి ఇంట్లో ఉంటే విడిగా మూటకట్టి బయట పెట్టండి.

మురళీనగర్ వాసి | గురువారం, ఉదయం 11.20

ఇంత తెలిసీ ఆ గనులవాళ్ళు ఎందుకు వాడతారు? బుద్ధి లేక కాకపోతే? ప్రభుత్వాలు నిషేధించి లోపల వేస్తే సరి.

రాళ్ళ మాస్టారు | గురువారం, మధ్యాహ్నం 12.45

బుద్ధి మాట తీయకండి. సాయంత్రం నాలుగుకు ముద్ద పట్టుకుని వచ్చినవాడికి ఆరింటికి బియ్యం కొనాలి. ఒక్కడే, ఏ యంత్రమూ లేకుండా, గంటలో రాయిని డబ్బుగా మార్చే పద్ధతి ఇంకొకటి చూపించండి. చాలాచోట్ల పాదరసం అరువు ఇచ్చేది కూడా బంగారం కొనేవాడే. ఈ పనిలో 70కి పైగా దేశాల్లో కోటి నుంచి కోటిన్నర మంది ఉన్నారు. అందులో 40-50 లక్షలు స్త్రీలు, పిల్లలే. ఎందరిని లోపల వేస్తారు? నిషేధిస్తే బయట చెట్టు కింద కాల్చేవాడు తలుపు వేసుకుని ఇంట్లో కాలుస్తాడు.

మినమాటా పేరుతోనే 2013లో ఒప్పందం కుదిరింది, 2017 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. మన దేశం 2018లో ఆమోదించింది. అందులో కూడా చిన్న గనులవాళ్ళకు ఒక్కసారిగా నిషేధం పెట్టలేదు. నాలుగింటిని ముందు పోగొట్టమంది: రాయి మొత్తాన్ని పాదరసంతో రుబ్బడం, ముద్దను బహిరంగంగా కాల్చడం, ఇళ్ళ మధ్య కాల్చడం, పాదరసం ఉన్న బురదకు సైనైడ్ వేయడం.

కాల్చేటప్పుడు మూత ఉన్న ఇనుప గిన్నె, దాని నుంచి నీళ్ళలోకి ఒక గొట్టం పెడితే ఆవిరి చల్లబడి పాదరసం తిరిగి చేతికి వస్తుంది, డబ్బు కూడా మిగులుతుంది. అయినా వాడరు. కారణం వింటే నవ్వు రాదు. మూత వేస్తే లోపల బంగారం కనపడదు. కనపడని బంగారాన్ని కొనేవాడి కుంపటి మీద వదిలేంత నమ్మకం ఎవరికీ లేదు. నిన్న రాత్రి మన మెకానిక్ రాసిన తరుగు గొడవ చదివారు కదా, అదే.

ఫిలిప్పీన్స్‌లో బెంగెట్ ప్రాంతంవాళ్ళు పాదరసం లేకుండానే చేస్తారు. రేణువులను బాగా కడిగి చిక్కగా చేసి బోరాక్స్ కలిపి నేరుగా కరిగిస్తారు.

కురుపాం మార్కెట్ | గురువారం, మధ్యాహ్నం 1.10

మాస్టారూ, బోరాక్స్ అంటే మా వెలిగారమే కదా! రోజూ చిటికెడు మూసలో వేస్తాం. బంగారం తొందరగా కరుగుతుంది, మురికి గాజులా పైకి తేలుతుంది. మా చేతిలో ఉన్నదే.

రాళ్ళ మాస్టారు | గురువారం, మధ్యాహ్నం 1.30

అదే వెలిగారం. అయితే ఓపికగా కడగాలి. చెత్త ఎక్కువ ఉంటే పనిచేయదు. కడగడం రానివాడికి పాదరసమే సులువు.

గాజువాక మెకానిక్ | పన్నెండు రోజుల తరువాత, రాత్రి 9.30

ఫలితం వచ్చింది. గ్రాము క్రియాటినిన్‌కు 19 మైక్రోగ్రాములు. ప్రోటీన్ లేదు. థైరాయిడ్ బాగుంది.

ఎండాడ డాక్టరమ్మ | అదే రాత్రి, 9.55

మామూలుగా 5 లోపు ఉండాలి. మీరు వచ్చి ఐదు నెలలు దాటింది. ఒంట్లోని పాదరసం సుమారు రెండు నెలలకు సగం అవుతుంది. వెనక్కి లెక్క వేస్తే బయలుదేరిన రోజు వంద దాటి ఉండాలి. ఇది చూచాయ లెక్కే. అందుకే ఈ 19 చూసి ఎవరైనా కొంచెమే కదా అంటే ఈ కాగితంతో పాటు తేదీలు కూడా చూపించండి. ప్రోటీన్ లేకపోవడం మంచి కబురు. మొదటి వైద్యం అక్కడి నుంచి వచ్చేయడమే, అది అయిపోయింది. పాదరసాన్ని కట్టి బయటికి పంపే మందులు ఉన్నాయి గానీ అవసరమా కాదా అన్నది నరాల డాక్టరు, కిడ్నీ డాక్టరు మిమ్మల్ని చూసి చెప్పాలి, నేను ఇక్కడ కూర్చుని కాదు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కె.జి.హెచ్.) రెండు విభాగాలూ ఉన్నాయి. మూడు నెలలకు మళ్ళీ అదే పరీక్ష, అవే అగ్గిపుల్లలు.

గాజువాక మెకానిక్ | మర్నాడు, రాత్రి 10.20

ఈరోజు ఆ కొట్టుకు వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే త్రాసు ముందుకు జరిపాడు, మళ్ళీ గొడవకు వచ్చాననుకుని. అంతా చెప్పాను. నమ్మినట్టు లేదు. ఒక డబ్బా తీసి ముక్కుపుడక చూపించాడు. ఆ రోజు బల్ల మీద ఉన్నదట, తెల్లబడిందట, కస్టమర్‌కు డబ్బులు కట్టుకున్నాడట. నాకు చెప్పలేదు, మళ్ళీ నేను ఇంకేమి అంటానోనని. పరీక్షకు డబ్బులు నేను ఇస్తానన్నాను. ముందు మా ఆవిడకు చేయిద్దాం, ఆమెకు ఐదో నెల అన్నాడు. రేపు ఉదయం ఇద్దరినీ తీసుకెళ్తున్నాను.

గెయిటాకు కూడా ఫోన్ చేశాను. కుంపటిని మామిడిచెట్టు కిందికి మార్చారు. మూత గిన్నె సంగతి చెప్తే యజమాని నవ్వాడు. వంటమనిషికి వేరే కుంపటి కొనడానికి డబ్బులు పంపుతున్నాను. తీసుకుంటుందో, అమ్ముకుంటుందో.